హై ప్రెషర్ నీళ్ల గాయాలు: లక్షణం, కారణం, చేయవలసింది

సమస్య: వేలి మీద సూది గుచ్చినంత రంధ్రం. రక్తం దాదాపు లేదు, నొప్పి కూడా అంతంతమాత్రమే. మందు రాసి, పట్టీ వేసి, షిఫ్టు పూర్తి చేయమంటారు.

కారణం: నీరు లోపలికి దూరింది. చర్మాన్ని ఛేదించడానికి సుమారు 7 బార్ల పీడనం చాలంటారు (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత). బండ్లు కడిగే పంపులోనే 100 బార్లకు పైగా ఉంటుంది. ఉక్కు పలకలు కోసే వాటర్ జెట్ యంత్రంలో 4,000 బార్ల దాకా ఉంటుంది. దూరిన నీరు వేలి స్నాయువుల తొడుగు వెంట అరచేతి వైపు పాకుతుంది. గ్రీజు, గార్నెట్ రజను (కోతకు నీటిలో కలిపే గరుకు రాతిపొడి), మురుగునీటి బాక్టీరియా కూడా దాంతోపాటే వెళతాయి. వాపు, తిమ్మిరి చాలాసార్లు కొన్ని గంటల తర్వాత గానీ బయటపడవు. పైకి కనిపించే రంధ్రాన్ని బట్టి గాయాన్ని అంచనా వేయడం ఇక్కడ పెద్ద పొరపాటు.

చేయవలసింది: ఉంగరం, గడియారం వెంటనే తీసేయండి. చేతిని కదలకుండా, గుండె కంటే ఎత్తులో ఉంచండి. నీటిని బయటికి పిండాలని నొక్కకండి, రుద్దకండి. ఆపరేషన్ అవసరం కావచ్చు కాబట్టి టీ, టిఫిన్ ఏవీ ఇవ్వకండి. 108కు ఫోన్ చేసి, శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి పంపండి. వెంట ఒక చీటీ తప్పనిసరి: అధిక పీడన నీరు లోపలికి దూరిన గాయం, పీడనం ఎంత, నీటిలో ఏమి కలిసి ఉంది, ఎన్ని గంటలకు జరిగింది. చీటీ లేకపోతే క్యాజువాలిటీలోనూ పట్టీ వేసి ఇంటికి పంపే ప్రమాదం ఉంది.

సమస్య: కప్లింగ్ (గొట్టాలు కలిసే జాయింటు) దగ్గర చెమ్మ.

అరిగిన సీలో, జాయింటులో గీత పడిన కోనో (శంఖాకారపు కొస) కారణం కావచ్చు. ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి చూడకండి. గ్లవ్స్ వేసుకున్నా సరే. దూరం నుంచి పొడవాటి కర్రకు కట్టిన అట్టముక్కతో చూడండి. పంపు నడుస్తుండగా "కొంచెం బిగిద్దాం" అనే మాటే వద్దు. పంపు ఆపి, స్విచ్‌కు తాళం వేసి, డంప్ వాల్వ్ (లైనులో పీడనాన్ని వదిలేసే వాల్వ్) తెరవండి. గేజి సున్నా చూపినా నమ్మకండి, ముల్లు ఇరుక్కుపోయి ఉండవచ్చు. నీళ్లు చిమ్మే గన్‌ను సురక్షితమైన వైపు తిప్పి, ట్రిగ్గర్ నొక్కి, లైనులో మిగిలిన నీరు పోయిందని చూశాకే స్పానర్ పట్టండి.

సమస్య: గన్ వెనక్కి తన్నుతోంది.

500 బార్ల దగ్గర నిమిషానికి 20 లీటర్లు వదిలితే దాదాపు 10 కిలోల బరువంత తోపుడు ఉంటుంది. తడి నేల మీద, నిచ్చెన మీద అది చాలు మనిషిని పడేయడానికి. పీడనమో, నాజిల్ సైజో తగ్గించండి. ట్రిగ్గర్ ఎప్పుడూ నొక్కి ఉండేలా దానికి తీగ చుట్టి ఉంటే మాత్రం సర్దుబాట్లు వద్దు, ఆ గన్‌ను పనిలోంచి తీసేయండి. మనిషి పడి చేయి వదిలినప్పుడు జెట్‌ను ఆపేది ఆ ట్రిగ్గరే.