అరువు కోరికలను ఏరి పక్కన పెట్టడం ఎలా?

మన కోరికల్లో ఇతరుల దగ్గర అరువు తెచ్చుకున్నవేవో ఏరి, మనకు నిజంగా ఏం కావాలో తేల్చుకునే పనిని చాలామంది తలకిందులుగా చేస్తారు. ముందు ఒక కొలువు పేరో కోర్సు పేరో ఎంచుకొని, దానికి డబ్బు కట్టి, రెండేళ్ళు తిరిగిన తరువాత "అసలు నాకిది ఇష్టమేనా మాస్టారూ?" అని అడగడానికి మా అరుగు ఎక్కుతారు. ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి, ఇప్పుడు సాయంత్రాలు ఇదే పంచాయతీ తీరుస్తున్నాను. చెప్పిందే చెప్పి విసుగెత్తింది కాబట్టి, జీవితంలో తనకు నిజంగా ఏం కావాలో తెలుసుకొని దాని కోసం పాటుపడే పద్ధతిని ఒక్కసారి వరసగా రాసి పెడుతున్నాను.

కావలసినవి: ఎనభై పేజీల గీతల పుస్తకం, ఒక పెన్సిలు, ఇరవై ఒక్క రోజులు. పెన్ను వద్దు, తెల్లకాగితాల పుస్తకం అంతకన్నా వద్దు. ఫోనులో రాయడం అసలు కుదరదు. రాస్తూ ఉండగానే ఎవరిదో గృహప్రవేశం ఫొటో వచ్చి పడుతుంది, అప్పటిదాకా లేని ఇల్లు మీ కోరికల్లోకి వచ్చి కూర్చుంటుంది.

మొదటి మెట్టు: పొద్దున్నే, టీ తాగక ముందు, అరగంట రాయండి. రాత్రి రాసేవన్నీ ఏడుపులే అవుతాయి.

రెండో మెట్టు: తోచిన కోరికనల్లా రాయండి. చిన్నదా పెద్దదా అని చూడవద్దు, కొట్టివేయవద్దు, యాభైకి తక్కువ కాకూడదు.

మూడో మెట్టు: పన్నెండో రోజు వరకు వెనక్కి తిప్పి చదవవద్దు, ఎవరికీ చూపించవద్దు. ముఖ్యంగా మేనమామలకు.

నాలుగో మెట్టు దగ్గరే అందరూ బోల్తా పడతారు, కనుక ఇక్కడ నెమ్మదిగా చదవండి. రాసిన యాభై కోరికల్లో ముప్పైకి పైగా మీవి కావు. అవి ఎదురింటివారివి, పెదనాన్నగారి అబ్బాయివి, పెళ్ళిచూపుల్లో అడిగేవారివి. వాటిని నేను అరువు కోరికలంటాను; వాటిని ఏరి పక్కన పెట్టడమే ఈ మెట్టు. అరువు సొమ్ము బరువు చేటని ఊరికే అనలేదు. అరువు నగ పెళ్ళి కాగానే తిరిగి ఇచ్చేయవచ్చు గాని, అరువు కోరికను మోయడం మొదలుపెడితే దించే చోటు పదేళ్ళకు గాని కనిపించదు. గంజాం పల్లెల్లో వీధి కుర్రాళ్ళంతా సూరత్ మగ్గాలకు వెళ్ళినప్పుడు మిగిలిన ఒక్కడు కూడా "సూరత్ వెళ్ళాలి" అనే రాస్తాడు. వాడికి కావలసింది సూరతా, స్నేహితులా, నెల తిరిగేసరికి చేతికి వచ్చే డబ్బా అన్నది ఆ రెండు మాటల్లో తెలియదు.

అరువు కోరికను పట్టుకోవడానికి నేను వాడే పరీక్షలు మూడు. మొదటిది భాష పరీక్ష. మన సరిహద్దు ఊళ్ళలో ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, దరఖాస్తులో ఇంగ్లీషు నడుస్తాయి. "కెరీర్ గ్రోత్", "సెటిల్ అవడం" వంటి మాటలతో రాసిన కోరికను, వంటింట్లో అమ్మతో మాట్లాడే తెలుగులో మళ్ళీ చెప్పి చూడండి. "అమ్మా, నేను రోజూ ఫలానా పని చేస్తూ బతకాలనుకుంటున్నాను" అని పూర్తి వాక్యం రాకపోతే, ఆ కోరిక మీకు దరఖాస్తు ఫారంలోనుంచి అంటుకున్నదే. గ్రాంథికంలో కూడా రాయవద్దు. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం పోరాడిన ఊళ్ళో కూర్చొని గ్రాంథికంలో కోరికలు రాసుకోవడం ఏమీ బాగుండదు.

రెండోది చాకిరీ పరీక్ష. కోరిక పదవి పేరుగా ఉంటే దాన్ని పనిగా మార్చి రాయండి. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారిని చూపించి "రాష్ట్రపతి కావాలి" అని రాసిన పిల్లలు నాకు ఏటా తగులుతూనే ఉన్నారు. ఆయనకు ఆ పదవి 1969లో వచ్చింది. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి 1916లో తిరిగి వచ్చినప్పటి నుంచి అప్పటిదాకా గడిచిన యాభై పైచిలుకు ఏళ్ళలో ఎన్నో ఏళ్ళు రైల్వే కార్మికుల సంఘాలు, సమ్మెలు, చర్చలతోనే నిండి ఉన్నాయి. ఆ చర్చల్లో గంటలకొద్దీ కూర్చోవాలన్న ఆశ లేనివారు రాష్ట్రపతి అన్న మాటను పుస్తకంలోనుంచి కొట్టివేయవచ్చు. కలెక్టరు, డాక్టరు, సినిమా దర్శకుడు, అన్నిటికీ ఇదే లెక్క. మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆ మనిషి ఏం చేస్తూ ఉంటాడో మీరు రాయగలగాలి, రాసినది మీకు నచ్చాలి.

మూడోది చీకటి పరీక్ష: ఆ పని చేస్తున్నట్టు ఎవరికీ ఎప్పటికీ తెలియదనుకుంటే అప్పుడూ చేస్తారా? దీనికి తొందరపడి జవాబు ఇవ్వవద్దు. నేను మొదటిసారి అన్నిటికీ "చేస్తాను" అని రాసుకొని, ఆ ధైర్యంతోనే ఒక పోటీ పరీక్ష వెంట నాలుగేళ్ళు తిరిగాను. శిక్షణ ఇచ్చినవారు డబ్బు తీసుకున్నంత శ్రద్ధగా పాఠం చెప్పలేదన్నది వేరే కథ. అయినా ఆ పరీక్ష పాసైన రోజు వీధిలో ఎవరెవరు చూస్తారో ఊహించుకోవడం తప్ప ఆ కొలువులో పని ఏమిటో నేను ఒక్కనాడూ ఊహించుకోలేదు.

పరీక్షలతో పాటు దస్తూరిని కూడా గమనించండి. అరువు కోరిక దస్తూరి కుదురుగా ఉంటుంది, కింద గీత కూడా ఉంటుంది. నా శిష్యుడొకడి పుస్తకంలో మొదటి పేజీలో "బ్యాంకు ఆఫీసరు" అని గుండ్రంగా రాసి, రెండు గీతలు గీసి ఉంది. పద్నాలుగో పేజీ అంచున, పెన్సిలు మొన అరిగి లావెక్కిన చోట, వంకర అక్షరాలతో ఇలా ఉంది: "కొమ్మును సెగ చూపి వంచేటప్పుడు జుట్టు కాలిన వాసన వస్తుంది. కొంగ మెడ ఎక్కడ విరుగుతుందో మామయ్యకు ముందే ఎలా తెలుస్తుంది?" మా ఊళ్ళో పశువుల కొమ్ములతో బొమ్మలు చేసేవారి ఇంటి పిల్లవాడు వాడు. నిజమైన కోరిక చాలాసార్లు ఇలా ప్రశ్నగానే పుస్తకంలోకి వస్తుంది, అందుకే దాన్ని కోరికల లెక్కలో వేసుకోక దాటిపోతారు.

ఇక్కడ మరో ప్రమాదం ఉంది. అరువు కోరికలను ఏరమన్నానని కొందరు నాన్న చెప్పినదల్లా కొట్టివేస్తారు. నాన్న చెప్పినందువల్ల కోరిక మీది కాకుండా పోదు. పైన చెప్పిన మూడు పరీక్షలూ దాటితే అది మీదే. అలాగే డబ్బు కోరికను సిగ్గుపడి చెరపవద్దు. ఎంత కావాలో అంకె వేసి, దేనికో పక్కన రాయండి. "చాలా డబ్బు" అన్నది అరువు కోరిక. "అప్పు రెండు లక్షల నలభై వేలు తీరాలి, అమ్మ కంటి ఆపరేషన్ కావాలి" అన్నది సొంత కోరిక.

కొందరు ఈ తంటా అంతా ఎందుకని జాతకం చూపించుకుంటారు. మరికొందరు కంప్యూటరు మీద ముప్పై ప్రశ్నలకు టిక్కు పెట్టి, వచ్చిన కాగితాన్ని లామినేషన్ చేయించుకుంటారు. ఆ కాగితంలో మీకు ఏది చేతనవునో ఉండవచ్చు. చేతనైనదీ కావలసినదీ ఒకటే అయితే మా వీధిలో లెక్కలు బాగా వచ్చినవారంతా సుఖంగా ఉండాలి.

ఐదో మెట్టు: మూడు పరీక్షలూ దాటి మిగిలిన కోరికల్లో ఒకదాన్ని తీసుకొని మూడు నెలలు, రోజుకు ఒక గంట, ఉన్న ఉద్యోగమో చదువో మానకుండా చేసి చూడండి. రాజీనామాతో మొదలుపెట్టేవారిని నేను నమ్మను. గిడుగు వారు 1880లో ఈ ఊళ్ళో ఉపాధ్యాయుడిగా చేరి 1911 వరకు పాఠాలు చెబుతూనే, కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకోవడానికి సవర, తెలుగు రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకున్నారు. ఆ కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకొని, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. సవర భాష వచ్చునని చెప్పుకుంటే ఆ రోజుల్లో ఏ వీధిలోనూ గౌరవం పెరగదు, కనుక అది చీకటి పరీక్ష దాటిన కోరికే. రోజుకు మన ఒక్క గంట మన వినికిడి పోగొట్టే దాకా రాదు లెండి.

ఆరో మెట్టు: ఎంచుకున్న దారికి తలుపు ఎక్కడుందో ముందే చూసుకోండి. ఒడిశా ప్రభుత్వ కొలువు కావాలంటే ఏడో తరగతి స్థాయిలో ఒడియా పాసై ఉండాలి. తెలుగు మీడియంలో చదివి ఆ ఒక్క సర్టిఫికెట్ లేక ఆగిపోయినవారు నాకు తెలుసు. సరిహద్దు అవతల పాతపట్నంలో బంధువులున్నంత మాత్రాన ఆంధ్రాలో స్థానికులు కాలేరు; అక్కడ ఎన్నేళ్ళు చదివారో చూస్తారు. ఈ రెండూ మొదటి వారంలోనే తేల్చుకోవలసినవి.

ఏడో మెట్టు: మూడు నెలలు కాగానే కొత్త పుస్తకం కొనవద్దు, పాతదే తెరిచి నాలుగో మెట్టు మళ్ళీ ఎక్కండి. కొన్ని సొంత కోరికలు కూడా ఆ గంట చాకిరీలో రాలిపోతాయి, వాటి పక్కన తేదీ వేయండి. కొమ్ము బొమ్మల పిల్లవాడు బ్యాంకు పరీక్షకు చదువుతూనే ఆదివారాలు మామయ్య పక్కన కూర్చుంటున్నాడు. మొదటి మూడు నెలల్లో పదకొండు కొంగలు చేశాడు. పదకొండింటికీ మెడలు విరిగాయి. పన్నెండో కొమ్ముకు సెగ ఎంతసేపు చూపాలో మాత్రం పుస్తకంలో ఒక పేజీ నిండా రాసుకున్నాడు.