కొత్త పాటను వేదికకెక్కించే ముందు జాగ్రత్తలు
కడపలో బృందగానానికి కొత్త పాట కట్టించుకునేవారు పారితోషికాన్ని, గడువును, రికార్డింగు హక్కును ముందే కాగితం మీద రాసుకోవాలి. 1957 నాటి కాపీరైటు చట్టం కింద రచయిత మరణించాక కూడా 60 ఏళ్లు హక్కు నిలుస్తుంది గనుక, సాహిత్యం వేరొకరిదైతే ఆ అనుమతి విడిగా తీసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, బృందంలోని గొంతులు పైకి, కిందికి ఎంతవరకు హాయిగా అందుకుంటాయో స్వరకర్తకు పాడి వినిపించడం. ఒకటిన్నర శ్రుతిలో, అంటే ఆధార ‘స’ను తక్కువ ఎత్తులో పెట్టుకుని, మంద్రానికి (కింది స్థాయికి) దిగే పల్లవి ఆడవారి గొంతులో అణిగిపోతుంది. అదే పాటను ఐదున్నర శ్రుతికి పెంచితే తారషడ్జానికే (పై స్థాయి ‘స’కే) మగవారు అరవాల్సి వస్తుంది.

ఊపిరి తీసుకునే చోట్లను పెన్సిలుతో గుర్తించాలి. ‘వాన రాని’ అన్నచోట ‘వానరా’ దగ్గర ఆగితే సభ నవ్వకుండా ఉంటుందా?

స్వరకర్త కనీసం ఒక సాధనకైనా రావాలి. మే నెల ఎండల్లో ఆ సాధనను సాయంత్రమే పెట్టుకోవాలి.