నడుము, కీళ్ల నొప్పుల తర్వాత మళ్లీ పరుగు మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

నడుము నొప్పి కాలి కిందికి పాకుతున్నా, పాదంలో తిమ్మిరి లేదా బలహీనత ఉన్నా, కీలు వాచి వేడిగా తగులుతున్నా పరుగు ఆలోచనను పక్కనపెట్టి ముందుగా వైద్యుడిని సంప్రదించాలి. మలమూత్రాలపై పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా అది అత్యవసర పరిస్థితి. ఒక్క పూట కూడా ఆగకూడదు.

అటువంటి లక్షణాలు లేనివారు 30 నిమిషాలు వేగంగా నడిచి, మర్నాటి ఉదయానికీ నొప్పి పెరగలేదని నిర్ధారించుకోవాలి. ఆ తర్వాత 1 నిమిషం పరుగు, 2 నిమిషాల నడక చొప్పున 20 నిమిషాలకు మించకుండా, రోజు విడిచి రోజు చేయడం మేలు. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే పుంజుకుంటాయి గానీ, ఎముకలూ, కండరాలను వాటికి కలిపే టెండన్లూ భారానికి అలవాటు పడటానికి నెలలు పడుతుంది కనుక, ఆయాసం రావడం లేదన్న ధీమాతో దూరం పెంచడమే అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటని నా అభిప్రాయం.

నొప్పిని 0 నుంచి 10 వరకు కొలిచినప్పుడు 3కు మించకుండా, మర్నాటికి సర్దుకుంటే సాధారణంగా కొనసాగించవచ్చు. కుంటవలసి వస్తే మాత్రం అక్కడికక్కడే ఆపాలి. పరుగుకు ముందు నొప్పి మాత్ర వేసుకోవద్దు, ఎందుకంటే శరీరం చేసే హెచ్చరిక అప్పుడు వినిపించదు. అరిగిన బూట్లు మార్చుకోవాలి. పిరుదులు, పిక్కలు, నడుము చుట్టూ ఉన్న కండరాలకు వారానికి 2 సార్లు బలాన్నిచ్చే వ్యాయామాలను పరుగుకు ముందు నుంచే చేస్తూ ఉండాలి.