వాక్యూమ్ ఫర్నేస్ ఆన్ చేసే ముందు ఇవి చూసుకోండి

వాక్యూమ్ ఫర్నేస్ అంటే గాలి తీసేసిన ఛాంబర్‌లో లోహాన్ని కరిగించే కొలిమి. అందులో కరిగించేది విమానాల ల్యాండింగ్ గేర్‌కి వెళ్లే 300ఎం అనే బలమైన ఉక్కు అయినా, మారేజింగ్ స్టీల్ (నికెల్ ఎక్కువగా ఉండే మరో బలమైన ఉక్కు) అయినా, అన్నిటికంటే ముందు చూడాల్సింది తడి. ఛార్జ్‌లో, అంటే కరిగించే సరుకులో, వేసే ముక్కలు పూర్తిగా ఆరి ఉండాలి, నూనె, తుప్పు ఉండకూడదు, రెండు వైపులా మూసుకుపోయిన పైపు ముక్క ఒక్కటి కూడా లోపలికి పోకూడదు, ఎందుకంటే అందులో చిక్కుకున్న నీరు ఒక్కసారిగా ఆవిరై కరిగిన లోహాన్ని పైకి చిమ్ముతుంది. శాంపిల్ కడ్డీని కూడా వేడి చేశాకే దించండి.

గ్రేడ్ తెలియని స్క్రాప్ పక్కన పెట్టేయండి. తగరం లాంటిది ఒకసారి కలిస్తే తీయడం చాలా కష్టం.

క్రూసిబుల్ (లోహం కరిగే పాత్ర) లైనింగ్‌ని టార్చి వేసి చూడండి, ముఖ్యంగా లోహం పైమట్టం తగిలే చోట. ఆ గోడ వెనకే నీళ్లు పారే రాగి కాయిల్ ఉంటుంది, కాబట్టి పగులు మీద అనుమానం వస్తే హీట్ (ఆ విడత కరిగింపు) ఆపేయడమే సరైన పని, ప్రొడక్షన్ వాళ్లు ఎంత తొందరపెట్టినా సరే.

- కరెంటు పోయినా కూలింగ్ నీళ్లు వచ్చేలా బ్యాకప్ ఉందా? ఊరికే అడగడం కాదు, నడిపి చూడండి.
- పంపు వాల్వ్ మూసి లీక్ రేట్ (బయటి గాలి ఎంత వేగంగా లోపలికి వస్తోందో) కొలవండి.
- టైటానియం, అల్యూమినియం హాపర్‌లో (తర్వాత వేయడానికి ఉంచే డబ్బాలో) విడిగా ఉండాలి. కరిగిన లోహంలోని ఆక్సిజన్ కార్బన్‌తో కలిసి బయటికి పోయాకే వాటిని వేయాలి. ఆక్సిజన్ అలా పోతున్న సమయంలో వాక్యూమ్ మరీ వేగంగా లాగితే లోహం పొంగుతుంది.
- తర్వాత ఆర్క్ రీమెల్టింగ్ (పోత పోసిన లోహాన్ని విద్యుత్ ఆర్క్‌తో మళ్లీ కరిగించడం) ఉంటే ఎలక్ట్రోడ్, అంటే కరగాల్సిన ఆ లోహపు దిమ్మ, సరిగ్గా మధ్యలో ఉందా చూడండి. ఆర్క్ నీళ్లతో చల్లబరిచే రాగి అచ్చు గోడకి తగిలితే చిల్లు పడి నీళ్లు లోపలికొస్తాయి.

ఆర్గాన్ (ఊపిరికి పనికిరాని వాయువు) నింపిన ఛాంబర్‌లోకి తల కూడా పెట్టొద్దు, మీటర్‌లో ఆక్సిజన్ కనీసం 19.5 శాతం చూపించేదాకా.