కుక్క కరిస్తే ముందు కుళాయి దగ్గరికి

పదిహేడేళ్లుగా ఇంజెక్షన్ గదిలోనే నా డ్యూటీ. కుక్కకాటుతో ఎవరొచ్చినా నేను మొదట అడిగేది ఒకటే, "కడిగారా?" అని. చాలామంది తల అడ్డంగా ఊపుతారు.

పోయిన వేసవిలో ఓ పెద్దావిడ ఏడేళ్ల మనవణ్ని చంకనేసుకుని వచ్చింది. పిల్లాడి పిక్క మీద కారం, సున్నం కలిపి మెత్తారు. అది ఎండి పెచ్చు కట్టింది. "విషం లాగేస్తుందన్నారమ్మా" అంది. "పెద్దమ్మా, ముందు ఇది పోవాలి" అని బయట కుళాయి కింద కాలు పెట్టించి, సబ్బు రాసి, గడియారం చూసుకుంటూ పదిహేను నిమిషాలు కడిగాను. పిల్లాడు ఒకటే ఏడుపు. పెచ్చు ఊడాక కింద నాలుగు పంటి గాట్లు కనిపించాయి. ఒకటి బాగా లోతు.

రేబీస్ పాము విషంలా రక్తంలో పాకేది కాదు. కుక్క చొంగలో ఉండే వైరస్ గాయంలోంచి నరంలోకి దూరి, నెమ్మదిగా వెన్నుపాముకి, అక్కణ్నుంచి మెదడుకి ఎక్కుతుంది. మెదడు నుంచి మళ్లీ లాలాజల గ్రంథుల్లోకి దిగుతుంది. జబ్బు చేసిన కుక్క కరిస్తే మనకు అంటేది అందుకే. లక్షణాలు బయటపడటానికి మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది. వారంలోనే రావచ్చు, ఏడాది కూడా పట్టవచ్చు. ముఖం, మెడ, చేతివేళ్ల మీది కాటు మరీ ప్రమాదం. నీళ్లు చూస్తే భయం, గాలి తగిలితే వణుకు మొదలయ్యాక బతికించే మందు లేదు. ఏం చేసినా అంతకుముందే చెయ్యాలి.

ఆ వైరస్ పైపొర కొవ్వుతో ఉంటుంది, సబ్బుకి కరిగిపోతుంది. బట్టల సబ్బైనా ఫర్వాలేదు, ధారగా నీళ్లు పడాలి. తర్వాత అయోడిన్ మందు రాయండి. పసుపు, కాఫీ పొడి, ఆకు పసరు ఏదీ వద్దు. కట్టు కట్టొద్దు.

ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. చర్మం చెక్కుచెదరకుండా ఉండి కుక్క నాకితే కడుక్కుంటే చాలు. రక్తం రాకుండా గీరుకున్నా టీకా కావాలి. రక్తం వచ్చినా, పుండు మీదో నోటి మీదో నాకినా టీకాతోపాటు సీరం అనే ఇంకో ఇంజెక్షన్ కూడా తప్పనిసరి. పెంపుడు కుక్కైనా, పిల్లి అయినా, కోతి అయినా ఇంతే.

సీరం దగ్గరే అందరికీ టెన్షన్. దాన్ని గాయంలోకి, గాయం చుట్టూ ఎక్కించాలి. నొప్పిగానే ఉంటుంది. "చేతికి వెయ్యొచ్చు కదా సిస్టర్" అని బతిమాలుతారు. టీకా పనిచెయ్యడానికి వారం పైనే పడుతుంది. అప్పటిదాకా వైరస్‌ని గాయం దగ్గరే అడ్డుకునేది సీరమే. బరువును బట్టి మోతాదు లెక్కిస్తాం. మొదటిరోజే వేయించుకోవాలి. ఏదైనా కారణంతో ఆలస్యమైతే, మొదటి టీకా పడిన ఏడు రోజుల్లోపు వేస్తారు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని ఇప్పటికీ భయపడి ఆగిపోయేవాళ్లున్నారు. ఆ పాత మందు మన దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు చర్మంలోకి వేసేదైతే 0, 3, 7, 28 రోజుల్లో (మొదటి డోసు పడిన రోజే 0) రెండు చేతులకూ వేస్తాం. కండకి వేసేదైతే 14వ రోజు కూడా ఉంటుంది. తుంటికి వెయ్యకూడదు, చంటిపిల్లలకి తొడకి వేస్తాం. గర్భిణులూ వేయించుకోవచ్చు. పథ్యం ఏమీ లేదు.

కరిచిన కుక్కని కొట్టి చంపకండి. పదిరోజులు గమనించండి. అది బాగుంటే మిగతా డోసుల సంగతి డాక్టరు చెబుతారు. అంతేగానీ ఆ పదిరోజులూ చూసి అప్పుడు వద్దామనుకోకండి.

ఆ పెద్దావిడకి చదువు రాదు. అందుకే తేదీలు చీటీలో రాయడమే కాకుండా, ఇంట్లో క్యాలెండర్ మీద మనవడి చేతే సున్నాలు చుట్టించమన్నాను. ఇరవై ఎనిమిదో రోజు పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. చీటీ పారేయొద్దని చెప్పి పంపాను. మళ్లీ ఎప్పుడైనా కరిస్తే అది చూపిస్తే 0, 3 రోజుల డోసులతో సరిపోతుంది, సీరం అక్కర్లేదు. కడగడం మాత్రం అప్పుడూ పదిహేను నిమిషాలే.