నీలం పంపు – మూడో పాఠం: ఊపిరికీ వేలికీ జత కుదరాలి

కిందటి పాఠం చివర మీకో పని చెప్పాను. ఇంట్లో ఉన్న ఉబ్బసం పంపులన్నీ (ఇన్‌హేలర్లు) బల్ల మీద పెట్టుకుని, ఆయాసం వచ్చినప్పుడు కొట్టుకునేది ఏదో, బాగున్నా బాగాలేకున్నా రోజూ వాడాల్సింది ఏదో విడదీయమని. చెయ్యనివాళ్ళు ఇప్పుడు చేసి రండి, పాఠం ఎక్కడికీ పోదు. ఈసారి అంతా మొదటి రకం గురించే, అంటే సాల్బుటమాల్ ఉన్న నీలం పంపు. మన మెడికల్ షాపుల్లో ఆస్తాలిన్ అంటే అందరికీ తెలుసు. గాలిగొట్టాల చుట్టూ బిగుసుకున్న కండరాన్ని సడలించడమే దాని పని. సరిగా లోపలికి వెళితే నాలుగైదు నిమిషాల్లో తేడా తెలుస్తుంది, ఆ సుఖం నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది.

ఆ "సరిగా లోపలికి వెళితే" అన్న దగ్గరే ఉంది తిరకాసంతా.

మా పెదనాన్న విశాఖ పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. మల్కాపురంలో ఇల్లు. ఉదయం తుడిచిన కిటికీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. మొన్న డిసెంబరులో వెళితే మంచం మీద ముందుకు వంగి కూర్చుని ఉన్నారు, పిల్లికూతలు వీధి గుమ్మం దాకా వినిపిస్తున్నాయి. చొక్కా జేబులోంచి పంపు తీశారు. మూత లేదు. ఊపలేదు. నోట్లో పెట్టుకుని టకటకా రెండుసార్లు నొక్కారు. ముక్కులోంచీ పెదాల పక్కనుంచీ తెల్లగా పొగ.

"ఈ పంపులో పస లేదమ్మా. షాపువాడు పాతది అంటగట్టాడు."

"పస పంపులోనే ఉంది పెదనాన్నా. మీరు పీల్చలేదు, ఇంటికి సాంబ్రాణి పట్టించారు."

నవ్వబోయి దగ్గారు. ఆయన్ని వేలెత్తి చూపే హక్కు నాకేం లేదు లెండి. నాకు మొదటిసారి ఈ పంపు రాసిచ్చిన చోట ఎలా వాడాలో ఎవరూ చూపించలేదు, అమ్మిన చోటా చూపించలేదు. రెండేళ్ళపాటు నేను చేసిందీ అదే సాంబ్రాణి. ఆ కోపంతోనే ఈ పాఠాలు మొదలుపెట్టాను.

ముందు మందు లేకుండా సాధన చేద్దాం. డబ్బాని ప్లాస్టిక్ గొట్టంలోంచి పైకి లాగి పక్కన పెట్టండి. ఖాళీ గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి లోపలికి చూడండి. పెదనాన్న గొట్టంలో నాకు కనిపించింది ఒక వక్కపలుకు. మూత లేని పంపు జేబులో వక్కలతో పాటు తిరిగితే ఇంకేముంటుంది? మందుతో పాటు అదీ ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండేది. ఇలా నాణేలూ చెవిదిద్దులూ మింగినవాళ్ళు, నిజానికి పీల్చినవాళ్ళు, వైద్య పత్రికలకెక్కారు. మూత అలంకారం కాదు.

ఇప్పుడు ఆ ఖాళీ గొట్టాన్ని పళ్ళ మధ్య పెట్టి పెదాలు మూయండి. నాలుక అడ్డం రాకూడదు. బీచ్ రోడ్డులో కొబ్బరిబోండం తాగేటప్పుడు, స్ట్రాతో అడుగు దాకా నిదానంగా లాగుతాం చూడండి, అలా గాలి లాగండి. మనసులో ఒకటి నుంచి అయిదు దాకా లెక్కపెట్టేంతసేపు ఆ ఒక్క ఊపిరి సాగాలి. మూడుకే నిండిపోతే మీరు తొందరపడుతున్నట్టు. పది పన్నెండుసార్లు చేస్తే పట్టు దొరుకుతుంది. ఇది ఆయాసం లేని రోజు చెయ్యాల్సిన సాధన. ఇల్లు అంటుకున్నాక నుయ్యి తవ్వలేం.

పట్టు దొరికాక డబ్బా తిరిగి పెట్టండి. పంపు కొత్తదైనా, చాలా రోజులుగా వాడకపోయినా ముందు కొన్ని పఫ్‌లు (ఒక్కో నొక్కుకి వచ్చే మందు) గాల్లోకి వదలాలి. ఎన్నో పెట్టెలోని కాగితంలో ఉంటుంది. తర్వాత నిటారుగా కూర్చుని, పంపుని బాగా ఊపి, ఊపిరి మెల్లగా బయటికి వదిలేయండి. పంపులోకి కాదు, పక్కకి. గొట్టం నోట్లో పెట్టి పెదాలు బిగించి, గాలి లాగడం మొదలుపెట్టండి. మొదలుపెట్టిన మరుక్షణం ఒక్కసారి నొక్కండి, లాగడం మాత్రం ఆపొద్దు. ఇక్కడే నూటికి ఎనభైమంది, అంటే నేను చూసిన మా చుట్టపక్కాల లెక్కలో, తప్పుతారు. నొక్కి ఆ తర్వాత పీల్చేవాళ్ళు కొందరు, సగం పీల్చాక నొక్కేవాళ్ళు కొందరు. చల్లగా గొంతుకి తగలగానే ఉలిక్కిపడి ఆపేసేవాళ్ళు ఇంకొందరు. వేలు ఊపిరికి వెనకాలే రావాలి, కానీ అంగుళం దూరంలో రావాలి.

నిండా పీల్చాక పంపు తీసేసి, నోరు మూసి పది అంకెలు ఊపిరి బిగబట్టండి. పది పట్టలేకపోతే పట్టినంతసేపు. తర్వాత నెమ్మదిగా వదలండి. డాక్టరు రెండు పఫ్‌లు రాసి ఉంటే అర నిమిషం, నిమిషం ఆగి, మళ్ళీ ఊపి, మొత్తం మొదటినుంచీ. రెండూ కలిపి ఒకే ఊపిరిలో కొడితే ఒక పఫ్ కూడా సరిగా అందదు.

సరిగా చేశామో లేదో ఎలా తెలుస్తుంది? అద్దం ముందు చెయ్యండి. పెదాల పక్కనుంచి గానీ ముక్కులోంచి గానీ పొగ కనిపించిందా, మందు పోయినట్టే. కనిపించలేదా, కొంతైనా లోపలికి చేరినట్టే.

కొంతైనా అని ఎందుకన్నానంటే, ఎంత బాగా చేసినా సగానికి మించిన మందు గొంతుకి కొట్టుకునే ఆగిపోతుంది. డబ్బాలోంచి అంత వేగంగా వస్తుంది అది. ఈ పంపు 1956లో అమెరికాలో వచ్చింది. ఉబ్బసం ఉన్న ఓ అమ్మాయి, మందుల కంపెనీ నడిపే వాళ్ళ నాన్నని, జుట్టుకి కొట్టుకునే స్ప్రేలాగా నా మందూ డబ్బాలో ఎందుకు పెట్టరని అడిగిందట. అంత సులువుగా పుట్టిన వస్తువు, వాడకం దగ్గర మాత్రం ఇంత పేచీ పెడుతుంది.

ఆ పేచీకి మందు స్పేసర్. పంపుకీ నోటికీ మధ్య పెట్టుకునే ప్లాస్టిక్ సీసా లాంటిది. మందు అందులో కాసేపు నిలుస్తుంది కాబట్టి వేలూ ఊపిరీ ఒకే క్షణంలో కలవకపోయినా ఫరవాలేదు. ఒక పఫ్ కొట్టి, నిదానంగా ఒక్క పెద్ద ఊపిరి పీల్చి బిగబట్టొచ్చు. అది చేతకాకపోతే అయిదారు మామూలు ఊపిర్లు తీసుకోవచ్చు. పిల్లలకూ పెద్దవాళ్ళకూ నా ఓటు దీనికే. స్పేసర్ అంటే జబ్బు ముదిరిందనుకుని దాచిపెట్టేవాళ్ళున్నారు, వాళ్ళతో నేను వాదన పెట్టుకోను, అద్దం ముందు నిలబెడతాను. నెలకోసారి సబ్బునీళ్ళలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టాలి. తుడిస్తే పుట్టే స్థిరవిద్యుత్తు మందుని గోడలకి లాగేసుకుంటుంది. కొనలేనివాళ్ళకో మాట. అరలీటరు ప్లాస్టిక్ సీసా అడుగున పంపు మూతి గట్టిగా పట్టేలా రంధ్రం చేసి, గాలి పోకుండా సీలు వేసి వాడితే, పిల్లల్లో కంపెనీ స్పేసర్‌కి దీటుగా పనిచేసిందని దక్షిణాఫ్రికా డాక్టర్లు 1999లో చూపించారు.

మీ దగ్గర ఉన్నది పొడి నిండిన క్యాప్సూల్స్ పెట్టి తిప్పే రోటాహేలర్ అయితే ఇదంతా తిరగబడుతుంది. అది పొడి మందు, దానికి తోసే గ్యాస్ ఉండదు, మీ ఊపిరే తొయ్యాలి. గుక్కపట్టి ఒక్క లాగు, గట్టిగా, వేగంగా. పంపుని వేగంగా, రోటాహేలర్‌ని నిదానంగా పీల్చేవాళ్ళని చూశాను. రెండూ ఉన్న ఇళ్ళలో ఇది మామూలే. ఇంకో మాట, ఆ క్యాప్సూల్స్ మింగేవి కావు.

ఇక లెక్క. నా దృష్టిలో ఈ పాఠానికి అసలు ప్రాణం ఇక్కడే. పెదనాన్న డబ్బాని చెవి దగ్గర ఊపి, గలగలలాడితే ఉందన్నారు. నమ్మకండి. మందు అయిపోయాక కూడా గ్యాస్ ఉంటుంది, కొడితే పొగా వస్తుంది. నీళ్ళలో వేసి తేలితే ఖాళీ అన్నదీ నమ్మదగ్గది కాదు. అంకెల మీటరు ఉన్న పంపైతే అదే చెబుతుంది. లేకపోతే లెక్క మనదే. డబ్బాలో 200 పఫ్‌లు. పెదనాన్న వాళ్ళింట్లో గోడమీద క్యాలెండరులో గ్యాస్ సిలిండర్ పెట్టిన తేదీ రాసుకుంటారు. దాని పక్కనే పంపు తెరిచిన తేదీ రాసి, కొట్టిన ప్రతి పఫ్‌కీ ఆ రోజు గడిలో ఒక గీత పెట్టమన్నాను.

"పంపు ఎన్నాళ్ళొస్తోంది పెదనాన్నా?"

"నెల. ఒక్కోసారి అదీ రాదు."

నాకు టెన్షన్ పట్టుకున్నది అప్పుడు. ఏడాదికి ఇలాంటి డబ్బాలు మూడో, అంతకన్నా ఎక్కువో ఖర్చయితే ఉబ్బసం అదుపులో లేదని, తీవ్రంగా తిరగబెట్టే అవకాశం పెరుగుతుందని అర్థం. 12, అంతకు మించితే ప్రాణానికే ముప్పు పెరుగుతుందని అంతర్జాతీయ ఉబ్బసం మార్గదర్శకాలు చెబుతున్నాయి. నీలం పంపు కండరాన్ని సడలిస్తుంది గానీ లోపలి వాపుని ముట్టుకోదు. అందుకే 2019 నుంచి ఆ మార్గదర్శకాలు పెద్దవాళ్ళకీ పన్నెండేళ్ళు దాటిన పిల్లలకీ ఒక్క నీలం పంపుతో సరిపెట్టొద్దంటున్నాయి. వాపు తగ్గించే స్టెరాయిడ్ పంపు తోడుండాలి. పెదనాన్నకి అదీ రాసిచ్చారు. "అది కొడితే ఏమీ తెలియట్లేదు" అని బీరువాలో పెట్టేశారు. తెలియకపోవడమే దాని గుణం. అది కొట్టాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత పుడుతుంది.

నీలం పంపు తర్వాత వేళ్ళు కాస్త వణకొచ్చు, గుండె దడదడలాడొచ్చు. సాధారణంగా కాసేపటికి సర్దుకుంటుంది. దడ తగ్గకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. బీపీకో, వణుకుకో ప్రొప్రనలాల్ వాడుతున్నా, గ్లాకోమాకి (నీటికాసులకి) టిమొలాల్ కంటి చుక్కలు వేసుకుంటున్నా అవి రాసిచ్చిన డాక్టరుకి ఉబ్బసం సంగతి చెప్పి తీరాలి. అవి గాలిగొట్టాల్ని బిగించగలవు, ఈ మందు పనికీ అడ్డుపడతాయి. కంటి చుక్కలు ఊపిరిదాకా ఎలా వెళతాయని అడగకండి, వెళతాయి.

ఎక్కువ ఆయాసం వచ్చిన రోజు సంగతి. పడుకోబెట్టొద్దు, కూర్చోబెట్టండి. మీ డాక్టరు రాసిచ్చిన ప్రణాళిక ఉంటే అదే. లేకపోతే ఈ లెక్క గుర్తుంచుకోండి: స్పేసర్‌తో ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు, నాలుగు నిమిషాలు ఆగడం, తగ్గకపోతే 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా మళ్ళీ నాలుగు, మళ్ళీ ఆగడం. మాట పూర్తిచేయలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, మగతగా ఉన్నా ఆ నాలుగు నిమిషాలు కూడా ఆగక్కర్లేదు, మొదటే ఫోన్. పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి మాత్రం అలాగే ఎగశ్వాస పడుతుంటే తగ్గిందని సంబరపడకండి. గాలి కదలడం లేదన్నమాట. పంపు కొట్టిన మూడు నాలుగు గంటల్లోపే మళ్ళీ కావాల్సొస్తే అదీ ఆ రోజే డాక్టరుకి చూపించాల్సిన విషయం.

పంపుని ఎండలో నిలిపిన కారులో వదలొద్దు. అది ఒత్తిడి నిండిన డబ్బా, మన ఏప్రిల్ ఎండకి కారు లోపలి సంగతి తెలిసిందే. ఆషాఢ పున్నమి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్ళేవాళ్ళు దాన్ని జేబులో ఉంచుకోండి, ఇంటివాళ్ళ సంచిలో కాదు. 32 కిలోమీటర్ల దారిలో, ఆ జనంలో, సంచి ఎక్కడుంటుందో మీరెక్కడుంటారో.

పెదనాన్నని మర్నాడు పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బీరువాలో పంపు బయటికొచ్చింది, స్పేసర్ ఒకటి చేరింది. మార్చిలో వెళ్ళినప్పుడు క్యాలెండరు చూశాను. జనవరి గడుల్లో గీతలు కిక్కిరిసి ఉన్నాయి. మార్చిలో పదకొండు.

"ఇందులో రెండు తప్పు గీతలమ్మా. మనవడు పెట్టాడు."

వచ్చే పాఠానికి మీ క్యాలెండరు తెచ్చుకోండి. రెండు వారాల గీతలు ఉండాలి. వాటి పక్కన అర్ధరాత్రి కొట్టినవాటికి సున్నా చుట్టండి, దుమ్ములోకో పొగలోకో వెళ్ళొచ్చాక కొట్టినవాటికి ఒక చుక్క పెట్టండి. ఆ సున్నాలతోనూ చుక్కలతోనూ నాలుగో పాఠం మొదలవుతుంది.