లైంగిక దాడి కేసులో శిక్ష పడితే హైకోర్టుకు అప్పీల్ ఎలా వేయాలి?

హన్మకొండ కోర్టుల్లో ఇరవై ఏళ్లకు పైగా క్రిమినల్ కేసులు చూస్తున్నాను. అత్యాచారం, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసుల్లో శిక్ష పడినవాళ్ల అప్పీళ్లు చాలా రాశాను. వేరేవాళ్లు రాసి పాడుచేసినవి అంతకన్నా ఎక్కువ చదివాను. మంచి పాయింటు ఉన్న కేసు కూడా రాత బాగాలేక హైకోర్టులో దెబ్బతినడం చూసి చూసి ఇది రాస్తున్నాను. ములుగు, ఏటూరునాగారం, మహబూబాబాద్ నుంచి వచ్చే తల్లిదండ్రులు మొదట అడిగే మాట ఒకటే: "సార్, మా పిలగానికి బెయిల్ ఎప్పుడొస్తది?" ఆ జవాబు అప్పీల్ కాగితాల్లోనే ఉంటుంది.

కుటుంబాలకు ముందే చెప్పేది ఒకటుంది. అప్పీల్ వేసేది తీర్పు మీద. ఆ అమ్మాయి మీద కాదు. ఇది ఒంటబట్టనివాళ్లు నా దగ్గరికి వస్తే ఫైలు తీసుకోను.

ఏ కోర్టుకు, ఎన్ని రోజుల్లో

సెషన్స్ కోర్టు గానీ, పోక్సో ప్రత్యేక కోర్టు గానీ శిక్ష వేస్తే అప్పీల్ తెలంగాణ హైకోర్టుకే వెళ్తుంది. గడువు 60 రోజులు. మేజిస్ట్రేట్, లేదా పాత పద్ధతిలో అసిస్టెంట్ సెషన్స్ జడ్జి శిక్ష వేసి, అది ఏడేళ్లు మించకపోతే సెషన్స్ కోర్టుకు, 30 రోజుల్లో. ఉరిశిక్ష అయితే అప్పీల్‌కు 30 రోజులే. ఆ శిక్షను హైకోర్టు ఖాయం చేస్తే తప్ప అమలు చేయరు, అందుకని ఫైలు దానంతటదే పైకి వెళ్తుంది. 2019లో హన్మకొండలో తొమ్మిది నెలల పాప విషయంలో జరిగిన ఘోరం ఈ జిల్లాలో ఎవరూ మరచిపోలేదు. ఆగస్టులో ఇక్కడి కోర్టు ఉరిశిక్ష వేసింది, నవంబర్‌లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. నేరం రుజువైనా శిక్ష ఒక్కటే మారవచ్చని తెలియడానికి ఇది చెప్పాను.

గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేసుకోవచ్చు. సరైన కారణం ఉంటే ఒప్పుకుంటారు. కానీ అది అదనపు పని, అదనపు టెన్షన్. నేను 30 రోజుల్లో వేసేస్తాను. మీరూ అంతే చేయాలి.

కాగితాలు

జైలు శిక్ష పడిన మనిషికి తీర్పు కాపీ వెంటనే ఉచితంగా ఇవ్వాలి. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 404వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. ఆ కాపీ చేతికొచ్చింది కదా అని ఆగిపోకండి. అదే రోజు కాపీ సెక్షన్‌లో సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టండి. తీర్పుతోపాటు సాక్షుల వాంగ్మూలాలన్నీ, ఎగ్జిబిట్లన్నీ, 313 ఎగ్జామినేషన్ (సాక్ష్యం గురించి ముద్దాయిని కోర్టు అడిగిన ప్రశ్నలు, అతని జవాబులు; ఇప్పుడు 351వ సెక్షన్) కూడా అడగండి. కాపీకి స్టాంపులు కట్టమని ఎప్పుడు పిలిచారు, ఎప్పుడు కట్టారు, కాపీ ఎప్పుడు సిద్ధమైంది అన్న తేదీలు చివరి పేజీ వెనక ఉంటాయి. కాపీకి పట్టిన కాలాన్ని గడువులోంచి తీసేసి లెక్కించేది వాటిని బట్టే. ఆ లెక్క నమ్ముకుని మాత్రం కాలయాపన చేయకండి.

2022 జూన్‌లో కొత్త జిల్లాలకు సొంత జిల్లా కోర్టులు వచ్చాయి. అంతకుముందు నడిచిన కేసైతే రికార్డు ఇప్పుడు ఏ కోర్టులో ఉందో ముందు కనుక్కోండి. ఉత్త చేతులతో బస్సులో తిరిగి వెళ్లినవాళ్లను చాలామందిని చూశాను.

వకాలత్, ఖర్చు

మనిషి జైల్లో ఉంటే వకాలత్ (వకీలును పెట్టుకునే కాగితం) మీద జైలు అధికారి ధ్రువీకరణతో సంతకం చేయించాలి. వరంగల్ సెంట్రల్ జైలును 2021లో కూల్చేసి ఖైదీలను వేరే జైళ్లకు పంపారు. మీ మనిషి చర్లపల్లిలో ఉన్నాడో, ఇంకెక్కడున్నాడో తెలుసుకుని వెళ్లండి. డబ్బు లేదని అప్పీల్ మానేయాల్సిన పని లేదు. ఖైదీకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఖైదీ జైలు సూపరింటెండెంట్ ద్వారా నేరుగా కూడా అప్పీల్ పంపవచ్చు.

జరిమానా కట్టేయండి. కొందరు వకీళ్లు ఆగమంటారు. నేను ఒప్పుకోను.

గ్రౌండ్స్ రాయడం: అసలు పని ఇక్కడే

గ్రౌండ్స్ అంటే తీర్పు ఎందుకు తప్పో చెప్పే కారణాలు. మిగతావన్నీ గుమస్తా చేసిపెడతాడు. ఇది మాత్రం వకీలు కూర్చుని రాయాలి, కుటుంబం కూడా కూర్చుని చదవాలి. నూటికి తొంభై అప్పీళ్లు ఇక్కడే చెడతాయని నా అనుభవం.

ముందు వాంగ్మూలాలు చదవండి, తీర్పు ఆ తర్వాతే. తీర్పు ముందు చదివితే సాక్ష్యం కూడా జడ్జిగారి కళ్లతోనే కనిపిస్తుంది. నేను ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని పేజీని మూడు గడులు చేస్తాను. మొదటి గడిలో తీర్పు పేరా నంబరు. రెండో దానిలో ఆ పేరా ఏ సాక్షి మాట మీద నిలబడిందో, ఆ వాంగ్మూలం పేజీ. మూడో దానిలో ఆ సాక్షి క్రాస్‌లో, అంటే ముద్దాయి వకీలు ప్రశ్నించినప్పుడు, నిజంగా ఏమన్నాడన్నది. చేత్తోనే రాయాలి. లాప్‌టాప్‌లో కాపీ, పేస్ట్ చేస్తే కన్ను జారిపోతుంది. మూడో గడి ఖాళీగా ఉన్నచోట మనకు గ్రౌండ్ లేదు. నిండినచోటే ఉంది.

"తీర్పు చట్టానికి, సాక్ష్యానికి, సంభావ్యతకు విరుద్ధం" అని మొదలుపెట్టి నలభై గ్రౌండ్స్ రాసేవాళ్లున్నారు. అందులో ముప్పై అయిదు ఏ కేసుకైనా అతుకుతాయి. ఏ కేసుకైనా అతికేది ఈ కేసులో దేనికీ పనికిరాదు. ఏడు చాలు, పదికి మించొద్దు. ప్రతి గ్రౌండ్‌లో పేరా నంబరు, సాక్షి నంబరు, పేజీ ఉండాలి.

ఇప్పుడు రాయకూడనివి. అమ్మాయి నడవడిక గురించి ఒక్క ముక్క రాయకండి. ఆమె గత జీవితం సాక్ష్యం కాదని చట్టమే చెబుతుంది. 'రెండు వేళ్ల పరీక్ష'ను సుప్రీంకోర్టు 2013లోనే తప్పుపట్టింది. అది చేసే డాక్టర్లు దుష్ప్రవర్తనకు బాధ్యులవుతారని 2022లో చెప్పింది. అలాంటి రిపోర్టును ఇవాళ గ్రౌండ్‌లో ఎత్తిచూపితే జడ్జిగారు తర్వాతి పేజీ తిప్పేలోపే మీ మీద నమ్మకం పోతుంది. పోయినా తప్పులేదు.

"ఫిర్యాదు ఆలస్యంగా ఇచ్చారు", "ఒంటి మీద గాయాలు లేవు", "వేరే సాక్షి లేడు" అన్న మూడూ పాతబడిన వాదనలు. బాధితురాలి మాట నమ్మదగినదిగా ఉంటే అదొక్కటే చాలని సుప్రీంకోర్టు 1996లో పంజాబ్ కేసులో చెప్పింది, నేటికీ అదే నడుస్తోంది. పరువు కోసం కుటుంబాలు నాలుగు రోజులు ఆగుతాయని మన ఊళ్లలో ఎవరికి తెలియదు? ఆ ఆలస్యాన్ని నేరంలా చూపించే గ్రౌండ్ నేను రాయను. ఎఫ్ఐఆర్‌లో లేని విషయం ఆ నాలుగు రోజుల తర్వాత ఎలా వచ్చింది అన్నది వేరే ప్రశ్న. అది రికార్డు మీద చూపగలిగితే రాయాలి.

చూపడంలో ఒక మెలిక ఉంది, వకీళ్లే ఎక్కువగా జారేది ఇక్కడ. కోర్టులో సాక్షి కొత్త విషయం చెప్పింది, పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంలో అది లేదు అనుకుందాం. ఆ తేడాను క్రాస్‌లో సాక్షి ముందు పెట్టి ఉండాలి. ఆ తర్వాత దర్యాప్తు అధికారిని పిలిచినప్పుడు "సాక్షి మీ ముందు ఇలా చెప్పలేదు కదా" అని అడిగి ఒప్పించి ఉండాలి. ఈ రెండో పని ట్రయల్ వకీలు చేయకపోతే ఆ తేడా రుజువైనట్టు కాదు. హైకోర్టులో ఎంత గట్టిగా అరిచినా లాభం లేదు. కాబట్టి ఏ తేడానైనా గ్రౌండ్‌లో పెట్టేముందు దర్యాప్తు అధికారి క్రాస్ పేజీ తెరిచి చూడండి. కొన్నేళ్ల కింద ఒక తండ్రి నా దగ్గరికి వచ్చాడు. కొడుకు అప్పీల్‌ను వేరే వకీలు ఇలాంటి పదకొండు తేడాల మీద నిలబెట్టాడు. దర్యాప్తు అధికారిని అడిగినవి రెండే. ఆ రెండూ పదకొండింటి మధ్య కలిసిపోయి ఎవరి కంటా పడలేదు.

నిలబడే గ్రౌండ్స్ ఏవి? నా వరకు మొదట చూసేది వయసు. పద్దెనిమిది లోపు అమ్మాయి ఇష్టపడిందన్నది చట్టంలో సమాధానమే కాదు. అందువల్ల ప్రేమించి వెళ్లిపోయారని చెప్పే కేసుల్లో అంతా వయసు రుజువు మీదే ఆధారపడుతుంది. జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్‌లో వరస ఉంది: ముందు స్కూలు పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి మెమో, అవి లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం, ఏవీ లేకపోతేనే ఎముకల పరీక్ష. తమిళనాడు నుంచి వెళ్లిన ఒక కేసులో ఉత్త టీసీ, అడ్మిషన్ రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్ సరిపోవని సుప్రీంకోర్టు 2023లో చెప్పి శిక్ష రద్దు చేసింది. మీ ఫైల్లో వయసు దేనితో రుజువు చేశారో చూడండి. శిక్ష పడ్డాక పరుగెత్తి కొత్త జనన ధ్రువపత్రం పుట్టించే పని మాత్రం చేయకండి. అది ఇంకో కేసవుతుంది.

రెండోది, నేరం జరిగిన తేదీ. పోక్సో ఆరో సెక్షన్ (తీవ్రమైన లైంగిక దాడి) కింద కనీస శిక్ష 2019 ఆగస్టు 16 నుంచి పదేళ్లనుంచి ఇరవై ఏళ్లయింది. ఘటన అంతకుముందుదైతే పాత శిక్షే వర్తించాలి. తీర్పుల్లో ఈ పొరపాటు దొర్లుతూనే ఉంటుంది. మూడోది, 313 ఎగ్జామినేషన్. ముద్దాయిని అడగని విషయం మీద శిక్ష నిలబెడితే అది గ్రౌండ్. నాలుగోది, పోక్సో 29వ సెక్షన్. నేరం చేశాడనే భావించాలని ఆ సెక్షన్ చెబుతుంది నిజమే, కానీ మొదటి పునాది వాస్తవాలు ప్రాసిక్యూషనే చూపాలి. తీర్పు ఆ మెట్టు దూకేసి ఉంటే రాయండి.

"ముసలి తల్లి ఉంది, చిన్న పిల్లలున్నారు" అని శిక్ష తగ్గించమనడం అందరూ చేసేదే. అత్యాచారం కేసుల్లో ప్రత్యేక కారణాలు చూపి కనీస శిక్షకన్నా తగ్గించే అధికారాన్ని 2013 సవరణ తీసేసింది. ఆ కనీసానికి పైన ఎంత వేశారన్న దాని మీదే ఈ మాట పనిచేస్తుంది.

ఎక్కడా అమ్మాయి పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, స్కూలు రాయొద్దు. సాక్షి నంబరు రాయండి, లేదా బాధితురాలు అనండి. తీర్పు కాపీని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టే బంధువులుంటారు. బాధితురాలి వివరాలు బయటపెడితే రెండేళ్ల దాకా జైలు ఉంది.

రాజీ కోసం వాళ్లింటికి మనుషులను పంపకండి. అత్యాచారం కేసులో రాజీకి విలువ లేదని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. పిల్లల మీద జరిగిన నేరంలో రాజీ పేరుతో కేసు కొట్టేయకూడదని 2024లో చెప్పింది. పైగా పంపిన మనిషి బెదిరించాడని ఫిర్యాదు వస్తే మీ శిక్ష నిలిపివేత పిటిషన్ ఆ రోజుతో పోయినట్టే.

శిక్ష నిలిపివేత పిటిషన్

జనం బెయిల్ అనేది దీన్నే. అప్పీల్‌తోపాటే ఐఏగా (అప్పీల్‌లో వేసే మధ్యంతర పిటిషన్‌గా) వేయాలి, బీఎన్ఎస్ఎస్ 430 కింద. శిక్ష మూడేళ్లు మించకుండా ఉండి, అప్పటికే బెయిల్ మీద ఉన్నవాళ్లకు ట్రయల్ కోర్టే కొన్నాళ్లు ఆపగలదు. పదేళ్లు, ఆపైన శిక్ష ఉన్న నేరాల్లో పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే అవకాశం ఇవ్వాలి. బాధితురాలి వైపు కూడా వింటారు. శిక్ష పడ్డాక నిర్దోషి అన్న భావన ఉండదు కాబట్టి ట్రయల్ ముందు బెయిల్‌లా ఇది తేలిగ్గా రాదు. ఈ దశలో సాక్ష్యమంతా మళ్లీ తూచరు. తీర్పు మొహం మీదే కనిపించే లోపం ఒకటి చూపాలి. నోట్‌బుక్‌లోని ఏడింటిలో బలమైనది ఒక్కటి తీసి ఇక్కడ పెట్టండి. దానితోపాటు ఇప్పటికే ఎన్ని నెలలు లోపలున్నాడు, ట్రయల్‌లో బెయిల్ షరతులు పాటించాడా అన్నవి రాస్తే చాలు. నాలుగు పేజీలు మించితే నేను చింపేస్తాను.

ఆర్డర్ వచ్చినా మనిషి ఆ సాయంత్రమే బయటికి రాడు. ఆర్డర్ కాపీ ఇక్కడి ట్రయల్ కోర్టుకు చేరి, జామీనుదారులు కాగితాలతో హాజరై, విడుదల ఆదేశం జైలుకు వెళ్లాలి. జామీనుదారులను ముందే సిద్ధం చేసుకోండి.

వేసిన తర్వాత

అత్యాచారం శిక్షల మీద అప్పీల్‌ను ఆరు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. వాస్తవంలో వరస పెద్దది. శిక్ష నిలిపివేత రాకపోతే, ఆ ఆరు నెలల నిబంధన చూపిస్తూ త్వరగా వినమని పిటిషన్ వేయాలి. చాలామంది వకీళ్లు దీన్ని మరచిపోతారు, కుటుంబమే గుర్తుచేయాలి. కేసు నంబరు చేత్తో రాసుకుని నెలకోసారి ఈ-కోర్ట్స్‌లో మీరే చూసుకోండి. ఎవరైనా "లోపల మాట్లాడిస్తా" అని డబ్బు అడిగితే ఇవ్వకండి. హైకోర్టు అప్పీల్ కొట్టేస్తే సుప్రీంకోర్టుకు వెళ్లడానికి 90 రోజులుంటాయి. అప్పుడు అడిగేదీ ఇవే కాగితాలు. తీర్పు, వాంగ్మూలాల సర్టిఫైడ్ కాపీలు ఒక సెట్టు ఇంట్లోనే ఉంచుకోండి, వకీలుకు జిరాక్స్ ఇవ్వండి.